నేల పదును, ఉలి పదును

'పదును' అనే మాటకు ఎన్ని అర్థాలున్నాయో ఎప్పుడైనా ఆలోచించారా? కత్తి అంచుకు ఉండేది పదును. వాన కురిశాక విత్తనం వేయడానికి తగినంత తేమ నేలలో ఉంటే దాన్నీ పదును అనే అంటారు. అనంతపురం పల్లెల్లో ఈ రెండు పదునులనూ కలిపిన మనిషి వడ్రంగి.

అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. అక్కడి ఎర్రనేలలు చాలావరకు లోతు తక్కువ. తేమను ఎక్కువ రోజులు నిలుపుకోలేవు. జూన్, జూలై నెలల్లో ఒక మంచి వాన పడితే వేరుశనగ విత్తడానికి దొరికేది కొద్ది రోజులే. ట్రాక్టర్లు రాకముందు, ఆ కొద్ది రోజుల్లోనే రైతులంతా వడ్రంగి ఇంటి ముందు చేరేవారు. ఒకరికి గొర్రు బాగుచేయాలి, మరొకరికి మడకకు కొత్త మేడి కావాలి. పని ఆలస్యమైతే నేల ఆరిపోతుంది. కరెంటు యంత్రాలు లేవు. ఉన్నవి బాడిస, రంపం, ఉలి, చిత్రిక, రెండు చేతులు. వాటితోనే తక్కువ శ్రమతో పని తెమిల్చే పద్ధతులు వడ్రంగులకు తరతరాలుగా అబ్బాయి. వాటి వెనుక ఉన్నది మీరు బడిలో చదివే భౌతికశాస్త్రమే.

సానబట్టడం వృథా కాదు

పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగించగా వచ్చేదని మీకు తెలుసు. చిత్రిక బ్లేడు వెడల్పు 50 మి.మీ. అనుకుందాం. బాగా సానబట్టిన అంచు మందం 0.01 మి.మీ. అయితే, కొయ్యకు తగిలే వైశాల్యం 0.5 చదరపు మి.మీ. అంచు మొద్దుబారి మందం 0.1 మి.మీ. అయితే, వైశాల్యం 5 చదరపు మి.మీ. రెండింటినీ 50 న్యూటన్ల బలంతోనే నెడదాం. మొదటి అంచు దగ్గర పీడనం చదరపు మి.మీ.కు 100 న్యూటన్లు. రెండోదాని దగ్గర 10 మాత్రమే! కండబలం పదింతలు పెంచడం ఎవరివల్లా కాదు. అంచు మందాన్ని పదోవంతుకు తగ్గించడం మాత్రం సానరాయి మీద కొద్ది నిమిషాల పని. పని తొందరలో ఉన్నా మంచి వడ్రంగి మధ్యమధ్య ఆగి బ్లేడు నూరుకునేది ఇందుకే.

అంచు మొద్దుబారిందని ఎలా తెలుస్తుంది? వేలితో తాకి చూడకండి, తెగుతుంది! అంచును వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. మొద్దుబారిన చోట గుండ్రబడిన అంచు కాంతిని పరావర్తనం చేసి తెల్లని గీతలా మెరుస్తుంది. పదునైన అంచు మీద ఆ గీత కనిపించదు.

కొయ్యకూ ఒక దారి ఉంది

కొయ్య అంతా ఒకే ముద్ద కాదు. చెట్టు బతికి ఉండగా నీటిని పైకి చేరవేసిన గొట్టాలు, బలాన్నిచ్చిన పోగులు అందులో నిలువుగా పేర్చినట్లు ఉంటాయి. ఒక పుస్తకాన్ని ఏటవాలుగా వంచి, పుటల అంచుల మీద చేయి నిమిరి చూడండి. ఒక వైపుకు నున్నగా జారుతుంది. ఎదురు వైపుకు నిమిరితే పుటలు లేచి వేళ్ళకు తగులుతాయి. కొయ్య కూడా అంతే. పోగు వాలిన వైపుకు చిత్రిక పడితే పొర శుభ్రంగా లేస్తుంది. ఎదురు పోగున పడితే చీలిక లోపలికి దిగి కొయ్య పెచ్చులు లేస్తుంది. వేప కొయ్యలో పోగులు ఒక్కో వరుసలో ఒక్కో వైపుకు వాలి ఉంటాయి. దానికి బ్లేడు మరింత పదునుగా ఉండాలి, పొర మరింత పలుచగా తీయాలి.

చిత్రికలోని ఉపాయం

ఉలికి, చిత్రికకు తేడా ఏమిటి? ఉలి ఎంత లోతుకైనా దిగిపోగలదు. చిత్రికలో మాత్రం బ్లేడును ఒక చెక్క దిమ్మలో సుమారు 45 డిగ్రీల వాలులో బిగిస్తారు. అంచు అడుగు నుంచి వెంట్రుకవాసి మాత్రమే బయటికి వస్తుంది కాబట్టి పొర మందం మన చేతి వణుకు మీద ఆధారపడదు. బ్లేడుకు ముందున్న దిమ్మ అడుగు భాగం పోగులను అదిమిపట్టి, చీలిక ముందుకు పాకకుండా ఆపుతుంది. ఈ పనిముట్టు ఎంత పాతదో తెలుసా? క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిద కింద కూరుకుపోయిన రోమన్ నగరం పాంపేలో కూడా చిత్రికలు దొరికాయి. మనవాళ్ళు చిత్రికను ముందుకు నెడతారు. జపాన్ వడ్రంగులు తమవైపుకు లాగుతారు. సూత్రం మాత్రం ఒక్కటే.

ముందు బాడిస, తరువాత చిత్రిక

ఒక దుంగ మీద 5 మి.మీ. కొయ్య తీసివేయాలి. చిత్రిక ఒక్కో పొర 0.1 మి.మీ. చొప్పున తీస్తే, ఒక్కో చోట 50 సార్లు తోయాలి. బాడిసతో అయితే కొన్ని దెబ్బల్లో అయిపోతుంది. కనుక ముతక పని బాడిసకు, చివరి నునుపు చిత్రికకు. నెట్టేటప్పుడు కూడా చేతులతో మాత్రమే కాక, కాళ్ళు నిలదొక్కుకుని ఒంటి బరువునంతా ముందుకు వంచుతారు. అలా చేస్తే పెద్ద కండరాలు పనిచేస్తాయి, చేతులు త్వరగా అలసిపోవు.

ఇప్పుడు కరెంటు చిత్రికలు వచ్చాయి. వాటిలోనూ బ్లేడు మొద్దుబారితే కొయ్య చిరుగుతుంది, మోటారు వేడెక్కుతుంది. శక్తి చేతిదైనా కరెంటుదైనా, వృథా కాకూడదంటే పదును ఉండాల్సిందే.

మీ ఊళ్ళో వడ్రంగి ఉంటే ఆయన పని చేసే చోట కాసేపు నిలబడి చూడండి. చిత్రిక నుంచి వచ్చే పొరలు పొడవుగా చుట్టలు చుట్టుకుంటున్నాయా, ముక్కలుగా రాలుతున్నాయా? కొయ్యను ఆయన ఎందుకు అటూ ఇటూ తిప్పుతున్నాడు? కారణం ముందు మీరే ఊహించి, తరువాత ఆయన్నే అడగండి.