ఒకే సంకేతం – భిన్న గమనాలు: నులిపురుగు ఎదుగుదలలో నాడీకణాల వలస

వ్యాససంగ్రహం:
నాడీకణాలన్నీ పుట్టినచోటనే స్థిరపడవు. కొన్ని దేహంలో ప్రయాణించి తమ స్థానాన్ని చేరుకొంటాయి. ఇతర కణాలు విడుదల చేసే ప్రొటీన్లు ఈ ప్రయాణానికి దారి చూపుతాయి. సీనోరాబ్డైటిస్ ఎలిగన్స్ అనే నులిపురుగులో ఈ ప్రక్రియ జరిగే తీరును వివరించి, సంకేతపు ఫలితాన్ని నిర్ణయించడంలో దానిని గ్రహించే కణానికి ఉన్న పాత్రను చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కణసంకేతం, నాడీకణాల వలస, నులిపురుగు, గ్రాహకం, నెట్రిన్, వింట్.

1. ఉపోద్ఘాతం:
నులిపురుగు అనగానే పిల్లల కడుపులో చేరే పరాన్నజీవులు, పంటల వేళ్లను పాడుచేసే క్రిములు గుర్తుకు వస్తాయి. ఎలిగన్స్ ఆ వర్గానికి చెందినదే అయినా హాని చేసేది కాదు. కుళ్లుతున్న పండ్లలోను, ఆకులలోను ఉండే బాక్టీరియాను తిని బతుకుతుంది. దీని పొడవు సుమారు 1 మిల్లీమీటరు. దేహం పారదర్శకం కాబట్టి బతికి ఉన్న పురుగులోనే కణాల కదలికను సూక్ష్మదర్శినితో చూడవచ్చు. నాడీవ్యవస్థను జన్యువుల ద్వారా అర్థం చేసుకోవడానికి సిడ్నీ బ్రెన్నర్ 1960లలో కేంబ్రిడ్జిలో ఈ పురుగును ఎంచుకొన్నారు.

ఎదిగిన ద్విలింగ పురుగులో బీజకణాలను మినహాయిస్తే 959 కణకేంద్రకాలు ఉంటాయి. నాడీకణాలు 302. జాన్ సల్‌స్టన్, రాబర్ట్ హార్విట్జ్ తదితరులు 1977, 1983 సంవత్సరాలలో ప్రకటించిన పరిశోధనలలో ప్రతి కణం ఏ కణం నుండి పుట్టిందో నమోదు చేశారు. బ్రెన్నర్, హార్విట్జ్, సల్‌స్టన్‌లకు 2002లో నోబెల్ బహుమతి లభించింది. ప్రతి కణానికీ పేరు, వంశం, చిరునామా తెలిసిన జీవి కావడం వల్లనే, ఒక్క కణం దారి తప్పినా పరిశోధకులు గుర్తించగలుగుతున్నారు.

2. దారి తప్పితే కలిగే ఫలితం:
ఈ పురుగు జన్యువుల పేర్లు చాలావరకు అవి చెడిపోయినప్పుడు కనిపించే లోపాన్ని తెలుపుతాయి. కదలికలో సమన్వయం లోపించిన పురుగులలో గుర్తించిన జన్యువులకు ‘అన్క్’ అనీ, గుడ్లు పెట్టడంలో లోపం ఉన్నవాటిలో గుర్తించిన జన్యువులకు ‘ఈజీఎల్’ అనీ పేర్లు పెట్టి సంఖ్యలు చేర్చారు. గుడ్లను బయటికి పంపే కండరాలను ప్రేరేపించే ‘హెచ్‌ఎస్‌ఎన్’ నాడీకణాలు పిండదశలో తోకభాగంలో పుట్టి దేహమధ్యానికి వలసపోతాయి. ‘ఈజీఎల్-20’ జన్యువు లోపిస్తే ఇవి గమ్యాన్ని చేరక వెనుకనే ఆగిపోతాయి. కణం పుట్టినా, బతికి ఉన్నా, చేరవలసిన చోటికి చేరకపోతే దాని పని దెబ్బతింటుంది. నాడీవ్యవస్థకు కణాల సంఖ్య ఎంత ముఖ్యమో వాటి స్థానమూ అంతే ముఖ్యం.

3. ఒక నెట్రిన్ – రెండు దిక్కులు:
1990లో హెడ్జ్‌కాక్, కులోటి, హాల్ అనే పరిశోధకులు అన్క్-5, అన్క్-6, అన్క్-40 అనే మూడు జన్యువులు వలసపోయే కణాలకూ, పెరిగే తంత్రికాక్షాలకూ పొట్టవైపు, వీపువైపు దారి చూపుతాయని వివరించారు. వీటిలో అన్క్-6 ఒక ప్రొటీన్‌ను తయారుచేస్తుంది. పొట్టవైపు ఉన్న కణాలు దానిని విడుదల చేస్తాయి. కాబట్టి పొట్టవైపు దాని గాఢత ఎక్కువ, వీపువైపు తక్కువ.

తక్కిన రెండు జన్యువులు కణం ఉపరితలంపై ఉండే గ్రాహకాలను తయారుచేస్తాయి. అన్క్-40 గ్రాహకం మాత్రమే ఉన్న కణం సాధారణంగా ఆ ప్రొటీన్ ఉన్న దిక్కుకు ఆకర్షితమవుతుంది. అన్క్-5 ఉన్న కణం దానికి దూరంగా, వీపువైపు పోతుంది. 1993లో ప్రకటించిన ఒక ప్రయోగం దీనిని స్పష్టపరచింది. సహజంగా వీపువైపు పోని స్పర్శ నాడీకణాలలో అన్క్-5 తయారయ్యేటట్లు చేయగా, వాటి తంత్రికాక్షాలు వీపువైపు మళ్లాయి. అక్కడ మారినది సంకేతం కాదు, గ్రాహకం మాత్రమే.

1994లో కోడిపిండాల మెదడు నుండి ఇదే కుటుంబానికి చెందిన ప్రొటీన్లను వేరుచేసి వాటికి ‘నెట్రిన్’ అని పేరు పెట్టారు. ఈ పేరుకు మూలం సంస్కృతంలోని ‘నేతృ’ శబ్దం. తెలుగులో ‘నేత’ అయినదీ ఆ శబ్దమే. ‘నడిపించేది’ అని అర్థం. అయితే ఈ నేత ఒక్కటే అయినా అనుసరించేవారు నడిచే దిక్కులు రెండు.

4. కుడి ఎడమల కవలలు:
పొట్ట–వీపు దిశకు నెట్రిన్ ఎలాంటిదో, తల–తోక దిశకు వింట్ కుటుంబపు ప్రొటీన్లు అలాంటివి. ముందు చెప్పిన ఈజీఎల్-20 ఈ కుటుంబానిదే. అది తోకభాగపు కణాలలో తయారవుతుంది.

గుడ్డు నుండి వెలువడిన డింభకంలో దేహానికి ఎడమవైపు ‘క్యూఎల్’, కుడివైపు ‘క్యూఆర్’ అనే రెండు మాతృకణాలు ఎదురెదురుగా ఉంటాయి. విభజన చెందే క్రమం రెండింటిలోనూ ఒకటే. ఒక్కొక్కదాని నుండి మూడేసి నాడీకణాలు ఏర్పడతాయి. అయినా క్యూఎల్ సంతతి తోకవైపు, క్యూఆర్ సంతతి తలవైపు వలసపోతాయి. ఈజీఎల్-20 సంకేతం క్యూఎల్‌లో ‘మ్యాబ్-5’ అనే జన్యువును మేల్కొల్పుతుంది. క్యూఆర్‌లో మేల్కొల్పదు. మ్యాబ్-5 పనిచేయని పురుగులలో క్యూఎల్ సంతతి కూడా తలవైపే పోతుంది.

ఈ భేదానికి కారణాన్ని 1999లో వాంగ్‌బో, కెన్యన్ వివరించారు. మ్యాబ్-5ను మేల్కొల్పడానికి క్యూఎల్‌కు తక్కువ మోతాదు చాలు. క్యూఆర్‌కు ఎక్కువ మోతాదు కావాలి. ఈజీఎల్-20 మోతాదును కృత్రిమంగా పెంచినప్పుడు క్యూఆర్ సంతతి కూడా తోకవైపు మళ్లింది. అంటే ఇక్కడ గ్రాహకపు రకం మాత్రమే కాక, కణం స్పందించే కనీస మోతాదు కూడా దిశను నిర్ణయిస్తున్నది.

5. ఆజ్ఞ – సంకేతం:
ఒక కణం మరొక కణానికి ‘ఆజ్ఞ’ ఇస్తుందని చెప్పడం సులభం. కాని ఆజ్ఞలో చేయవలసిన పని ముందే నిర్దేశితమై ఉంటుంది. నెట్రిన్‌లో ‘రా’ అన్న అర్థం గాని, ‘పో’ అన్న అర్థం గాని లేదు. అందువల్ల ‘సంకేతం’ అన్న పదమే ఇక్కడ సముచితం. శబ్దశాస్త్రంలో సంకేతమంటే ఈ పదానికి ఈ అర్థమనే ఏర్పాటు. ఆ ఏర్పాటు తెలిసినవానికే పదం అర్థాన్నిస్తుంది. కణం విషయంలో ఆ ఏర్పాటు దాని గ్రాహకాలలోను, అది మేల్కొల్పే జన్యువులలోను ఉన్నది. అయితే మనుషుల భాషలో ఆ ఏర్పాటు నేర్చుకోగా వచ్చేది. కణానికి అది వంశానుగతంగా, ఎదుగుదల క్రమంలో ఏర్పడేది. ఈ భేదాన్ని మరువకూడదు.

6. ముగింపు:
అన్క్-40కి సమానమైన జన్యువు మనుషులలోనూ ఉన్నది. దాని పేరు ‘డీసీసీ’. దానిలోని లోపాలు పుట్టుకతో వచ్చే ఒక రుగ్మతకు కారణమని 2010లో వెల్లడైంది. ఆ రుగ్మత ఉన్నవారు ఒక చేతిని కదిలిస్తే రెండవ చేయి కూడా అప్రయత్నంగా అదే విధంగా కదులుతుంది. పురుగు నడక తడబడటానికీ, మనిషి చేతులు ఒకదానినొకటి అనుకరించడానికీ వెనుక ఒకే కుటుంబపు గ్రాహకం ఉండటం గమనార్హం. నాడీకణం దారి తప్పినప్పుడు సంకేతం అందిందా అన్న ప్రశ్నతో పాటు, అందిన సంకేతాన్ని ఆ కణం ఎలా గ్రహించింది అన్న ప్రశ్న కూడా వేయవలసి ఉంటుందని ఈ చిన్న జీవి తెలియజేస్తున్నది.