కైట్‌బోర్డు: తొలి పలక ఎంత ఉండాలి?

మధ్యాహ్నం మూడు గంటల వేళ మైపాడు తీరాన నిలబడి సముద్రం వైపు ముఖం పెట్టి చూడండి. పొద్దున లేని గాలి ఇప్పుడు చొక్కాను వెనక్కు లాగుతూ ఉంటుంది. ఎండకు నేల త్వరగా వేడెక్కుతుంది, నీరు ఆలస్యంగా వేడెక్కుతుంది. నేలమీది గాలి తేలికై పైకి పోతే, ఆ చోటును నింపడానికి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. దీన్ని మీరు పాఠంలో సముద్ర పవనం అని చదువుకున్నారు.

ఈ గాలితో ఒక ఆట ఆడవచ్చునని కిందటి వేసవిలో మా పదో తరగతి విద్యార్థి ఒకడు నా దగ్గరకు వచ్చాడు. వాడి చేతిలో ఒక కాగితం ఉంది. దాని మీద ఒక పలక బొమ్మ, పక్కన కొలతలు: పొడవు 122 సెంటీమీటర్లు, వెడల్పు 30, మందం ఒకటిన్నర. “మాస్టారూ, మా వీధి వడ్రంగి చేసిస్తానన్నాడు. పెద్ద గాలిపటం నేనే కట్టుకుంటాను. ఈ పలక సరిపోతుందా?” అని అడిగాడు.

వాడు అడిగినది కైట్‌బోర్డు గురించి. ఆటగాడు పెద్ద గాలిపటాన్ని నడుం పట్టీకి తగిలించుకుని, కాళ్ళ కింద పలక పెట్టుకుని, నీటి మీద దూసుకుపోతాడు. ఈ ఊహ పాతదే. మెరుపును పరిశోధించిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ చిన్నతనంలో చెరువులో వెల్లకిలా పడుకుని, గాలిపటం దారం పట్టుకుని అవతలి ఒడ్డుకు చేరానని రాసుకున్నాడు. అయితే నీట పడిన గాలిపటం మళ్ళీ లేవదు కదా! ఆ చిక్కును తీర్చినవారు ఫ్రాన్సుకు చెందిన లెగెన్యూ సోదరులు. అంచుల్లో సైకిలు ట్యూబులాగా గాలి నింపిన గొట్టాలుండే గాలిపటానికి వారు 1984లో పేటెంటు కోరారు. అది నీటిలో తేలుతుంది, తిరిగి పైకి లేస్తుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఈ క్రీడకు తొలిసారి పతకాలిచ్చారు. పోటీలు మార్సెయ్ తీరాన జరిగాయి. మన పక్కనే తమిళనాడులో రామేశ్వరం, తూత్తుకుడి ప్రాంతాల్లో దీన్ని నేర్పే బడులున్నాయి.

ఇక మావాడి పలక సంగతి చూద్దాం. “నీ బరువెంత?” అన్నాను. 48 కిలోలట. “అయితే ఆర్కిమెడిస్ సూత్రంతో లెక్క కట్టు” అన్నాను. 122 × 30 × 1.5 అంటే 5,490 ఘన సెంటీమీటర్లు. పలక పూర్తిగా మునిగితే అంతే ఘనపరిమాణం గల సముద్రపు నీటిని తొలగిస్తుంది. ఆ నీటి బరువు సుమారు ఐదున్నర కిలోలు. అందులో పలక సొంత బరువు పోతే మిగిలేదెంత? ఒక పిల్లిని మోయగలదేమో!

వాడి ముఖం చిన్నబోయింది. “మునిగిపోతానా మాస్టారూ?”

నిలబడితే మునిగిపోతాడు. అంగట్లో కొన్న పలక మీద నిలబడినా మునుగుతాడు. కైట్‌బోర్డు తెప్పలాంటిది కాదు. మన తీరపు జాలరుల తెప్పలో లావాటి తేలిక దుంగలుంటాయి. తెప్ప కదిలినా కదలకపోయినా మనిషిని మోస్తుంది, ఎందుకంటే దాన్ని నిలిపేది నీటి ఉత్ప్లవన బలం. కైట్‌బోర్డును నిలిపేది వేగం. చెరువులో పెంకు విసిరి కప్పగంతులు వేయించారు కదా? రాతిపెంకు నీటికన్నా బరువైనదే. అయినా వేగంగా, కాస్త ఏటవాలుగా తగిలినంతసేపు నీటిని కిందికి నెడుతుంది, నీరు దాన్ని పైకి నెడుతుంది. న్యూటన్ మూడవ నియమం. వేగం తగ్గగానే బుడుంగుమంటుంది. కైట్‌బోర్డు కూడా ఆగకుండా కప్పగంతు వేసే పెంకు అన్నమాట.

ఇప్పుడు అసలు ప్రశ్న వస్తుంది. మనిషిని పైకి లేపడానికి ఎంత వేగం కావాలి? నీరు ఇచ్చే బలం వేగపు వర్గాన్ని బట్టి, పలక వైశాల్యాన్ని బట్టి పెరుగుతుంది. అంటే వైశాల్యం ఎక్కువైతే తక్కువ వేగంతోనే పలక లేస్తుంది. దీన్ని మేము మా ఊరి చెరువు అంచున చేసి చూశాం. ముప్ఫై సెంటీమీటర్ల పొడవున్న రెండు చెక్కలు తీసుకున్నాం. ఒకటి పది సెంటీమీటర్ల వెడల్పు, రెండోది పదిహేను. రెండింటి మీదా, మధ్యకన్నా కాస్త వెనగ్గా, అరకిలో తూకం రాయి కట్టాం. వదిలితే రెండూ మునిగాయి. తరువాత ఒకడు చెక్కను నీటి మట్టాన పట్టుకుంటే మరొకడు ముందు కొసకు కట్టిన తాడుతో గట్టు వెంట లాగాడు. వెడల్పు చెక్క గబగబా నడిచేసరికే పైకి తేలింది. సన్నదానికి పరుగెత్తవలసి వచ్చింది! తాడుకు స్ప్రింగు త్రాసు తగిలించి బలం కూడా కొలుద్దామనుకున్నాం గాని, పరుగులో ముల్లు ఊగిపోయి చదవడం కుదరలేదు. మీరెవరైనా ఉపాయం కనిపెడితే చేసి చూడండి. నీరు మోకాలి లోతు దాటకూడదు, పెద్దవారు పక్కన ఉండాలి.

అందుకే కొత్తవారికి పెద్ద పలక కావాలి. అనుభవజ్ఞుడు గాలి కాస్త తగ్గినా గాలిపటాన్ని అటూ ఇటూ ఊపి వేగం తెచ్చుకుంటాడు. కొత్తవాడు క్షణం తడబడితే వేగం పోతుంది, పలక మునుగుతుంది. వెడల్పు పలక ఆ తడబాటును ఓర్చుకుంటుంది. మావాడి బరువున్న వారికి సుమారు 138 సెంటీమీటర్ల పొడవు, 41 వెడల్పు బాగుంటుంది. డెబ్బై కిలోల వారికి 142 నుంచి 145, వెడల్పు 42 లేక 43. అంతకు మించిన బరువైతే 150 దాటవచ్చు. ఇంకా పెద్ద పలకలూ ఉన్నాయి. ఆటగాళ్ళు వాటిని సరదాగా “తలుపులు” అంటారు. పిట్టగాలికి కూడా అవి లేస్తాయి గాని, గాలి హెచ్చితే కాళ్ళకు లొంగవు. పొడవుకన్నా వెడల్పును ముందు చూడాలని నా అభిప్రాయం.

ఆకారం సంగతి. కొత్తవారికి రెండు కొసలూ ఒకేలా ఉన్న పలక మంచిది. మగ్గం మీద నాడె చూశారా? కుడికి పోయినా ఎడమకు వచ్చినా దానికి తిరగవలసిన పని లేదు. ఈ పలకా అంతే. దిశ మారినప్పుడు కాళ్ళు మార్చుకోనక్కరలేదు. పలకను చదునైన నేల మీద పెడితే కొసలు కొద్దిగా పైకి లేచి ఉంటాయి. ఈ వంపు ఎక్కువైతే అలల్లో మెత్తగా పోతుంది గాని, నీటిని ముందుకు తోస్తూ శక్తిని వృథా చేస్తుంది. మొదటి పలకకు వంపు కొంచెమే ఉండాలి. అడుగున నాలుగు మూలల్లో ఉండే చిన్న రెక్కలు పక్కకు జారకుండా పట్టునిస్తాయి.

గాలి ఒకవైపు లాగుతుంటే మనిషి ఇంకోవైపు ఎలా పోతాడని మీకు సందేహం రావాలి. తడిసిన సీతాఫలం గింజను రెండు వేళ్ళ మధ్య నొక్కండి. రెండు వేళ్ళూ ఎదురెదురుగానే నొక్కుతాయి, గింజ మాత్రం పక్కకు చివుక్కున ఎగురుతుంది. ఇక్కడ ఒక వేలు గాలిపటం, రెండోది నీటిలో దిగిన పలక అంచు. అంచు పొడవుగా ఉంటే పట్టు బాగుంటుంది. అలా గాలికి కొంత ఎదురుగా కూడా పోయి, బయలుదేరిన చోటికే తిరిగి రావచ్చు. కొత్తవారికి ఇది వెంటనే రాదు. గాలివాటున ఎక్కడో ఒడ్డు చేరి, పలక చంకన పెట్టుకుని ఇసుకలో నడిచి వస్తారు.

పాత పలక కొనేవారు అంచులను వేలితో తడిమి చూడాలి. చాలా పలకల్లో లోపల తేలిక కలప ఉంటుంది. పైపూత పగిలితే నీరు లోపలికి పోతుంది, పలక బరువెక్కుతుంది. జాలరులు తెప్ప దుంగలను విప్పి ఒడ్డున ఎందుకు ఆరబెడతారో ఇప్పుడు తెలిసిందా? కొందరు పలక పోకుండా కాలికి తాడు కట్టుకుంటారు. కొత్తవారు అలా చేయకూడదు. సాగిన తాడు పలకను వెనక్కు లాగి తలకు కొడుతుంది. శిరస్త్రాణం తప్పనిసరి.

వడ్రంగి పలక చేస్తే చేయనివ్వచ్చు. ఇంట్లో కట్టిన గాలిపటానికి మాత్రం నేను ఒప్పుకోలేదు. సంక్రాంతి గాలిపటం పావు చదరపు మీటరు ఉంటుందనుకోండి. తొమ్మిది చదరపు మీటర్ల కైటు అలాంటివి ముప్ఫై ఆరింటికి సమానం. పైగా గాలి బలం కూడా వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 20 కిలోమీటర్ల గాలి 28 అయితే లాగుడు సుమారు రెట్టింపు, 40 అయితే నాలుగు రెట్లు! అసలైన కైటుకు ఒక మీట ఉంటుంది. దాన్ని నెడితే తాళ్ళు వదులై కైటు బలం కోల్పోతుంది. ఇంట్లో కట్టినదానికి ఆ మీట ఎక్కడిది? దీన్ని ఆడించడం బడిలో గురువు దగ్గర నేర్చుకున్నాకనే పలక ఎక్కాలి.

ఆ ఆదివారం మావాడిని వెంటబెట్టుకుని మైపాడు వెళ్ళాను. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక ముసలి జాలరిని గాలుల గురించి అడిగాం. తెరచాప తెప్పల కాలంలో తెల్లవారుజామున నేల మీది నుంచి వీచే గాలితో లోపలికి పోయి, మధ్యాహ్నం సముద్రపు గాలితో తిరిగి వచ్చేవాళ్ళమని ఆయన చెప్పాడు.

“అయితే తాతా, నేనూ పొద్దున్నే పోవచ్చునా?” అన్నాడు మావాడు.

పోకూడదు. మన తీరం ఉత్తర దక్షిణాలుగా ఉంది, సముద్రం తూర్పున. పడమటి గాలి లాక్కుపోయేది బంగాళాఖాతం లోపలికే. దారిలో గాలి ఆగిపోతే తెప్పమీది మనిషికి కింద దుంగలున్నాయి, చేతిలో తెడ్డుంది. కైట్‌బోర్డు మీది వానికి ఐదున్నర కిలోల ఉత్ప్లవన బలం మాత్రమే ఉంది. ఆగ్నేయం నుంచి ఏటవాలుగా ఒడ్డుకు వీచే మధ్యాహ్నపు గాలే వాడికి తగినది. అది పడగొట్టినా ఒడ్డువైపే తెస్తుంది. పులికాట్ సరస్సులో లోతు తక్కువ కదా, అక్కడ ఆడవచ్చునా అని కూడా అడిగాడు. అది పక్షుల రక్షిత ప్రాంతం. రాజహంసలు మేసేచోట తొమ్మిది మీటర్ల గాలిపటం ఎగరేస్తే అవి నిలుస్తాయా?

మావాడు కాగితం తీసి 122 కొట్టివేసి 138 అని, 30 కొట్టివేసి 41 అని రాసి, తాతకు చూపించాడు. ఆయన కాగితం వైపు చూడనేలేదు.

“పలక సంగతి తర్వాత చూద్దాంగానీ అబ్బోడా, నీకు ఈత వచ్చునా?”

వచ్చునట, కాలవలో. తాత నవ్వి మళ్ళీ వల అందుకున్నాడు.