మీటరు ఇవతల ఎవరు, అవతల ఎవరు? కరెంటు ఆపదలో ఎవర్ని పిలవాలి

సోమశిల, అనంతసాగరం, ఆత్మకూరు, ఉదయగిరి వైపు పల్లెల్లో కరెంటు పోవడం కొత్త సంగతేమీ కాదు. గాలివానకు లైను తెగుతుంది. ఎండాకాలంలో లోడు పెరిగి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోతుంది. ఊరంతా పోయిన కరెంటు కాసేపటికో, తెల్లారేసరికో వస్తుంది. దానికి పెద్దగా కంగారుపడక్కర్లేదు. కంగారుపడాల్సింది, ఊరంతా వెలుగుతుంటే ఒక్క ఇల్లు చీకటైనప్పుడు. స్విచ్‌బోర్డు నుంచి కాలిన వాసన వచ్చినప్పుడు. కుళాయి తిప్పితే చెయ్యి జిల్లుమన్నప్పుడు.

ఇలాంటివి వేళ చూసుకుని రావు. సహరీకి లేచిన టైములో రావచ్చు, ఇంట్లో ఆడవాళ్లూ పిల్లలూ మాత్రమే ఉన్న రాత్రి రావచ్చు. అప్పుడు ఎలక్ట్రీషియన్ కోసం వెతకడం మొదలుపెడితే, పనొచ్చినవాడు కాదు, దొరికినవాడు వస్తాడు. పట్నంలో యాప్ నొక్కితే మనిషి వస్తాడేమో గానీ, ఆ సౌకర్యం సోమశిల దాకా రాలేదు. అందుకే మనిషిని ముందే చూసి పెట్టుకోవాలి. దానికంటే ముందు తెలియాల్సింది ఇంకొకటి ఉంది: ఏ పనికి ఎవర్ని పిలవాలి అన్నది.

మీటరే సరిహద్దు

స్తంభం నుంచి ఇంటి మీటరు దాకా వచ్చే సర్వీసు వైరు, మీటరు, దాని సీలు కరెంటు శాఖ చూసుకోవాల్సినవి. నెల్లూరు జిల్లాలో ఆ శాఖ అంటే తిరుపతి కేంద్రంగా పనిచేసే ఏపీఎస్పీడీసీఎల్. మీటరు దాటి లోపలికి వచ్చాక మెయిన్ స్విచ్, బోర్డులు, గోడల్లో వైర్లు, మోటారు, గీజర్ అన్నీ ఇంటివాళ్ల బాధ్యత. వాటికే ప్రైవేటు ఎలక్ట్రీషియన్ కావాలి.

తేడా కనుక్కోవడం కష్టం కాదు. ముందు పక్కిళ్లు చూడాలి. వాళ్లకూ లేకపోతే అది లైను సమస్య. పక్కింట్లో ఉండి ఇక్కడ లేకపోతే మీటరు చూడాలి. మీటరులో అంకెలు, లైటు ఏవీ వెలగకపోతే లోపం మీటరుకు అవతలే ఉండే అవకాశం ఎక్కువ. మీటరు వెలుగుతూ ఇంట్లో మాత్రం లేకపోతే లోపం ఇంట్లోనే.

లైను సమస్యకు 1912కు ఫోను చెయ్యాలి. బిల్లు మీదుండే సర్వీసు నంబరు చెప్పి, వాళ్లిచ్చే ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చాక చాలా ఊళ్లలో ఎనర్జీ అసిస్టెంట్లు కూడా ఉన్నారు. ఆయన నంబరూ, లైన్‌మన్ నంబరూ ఇంట్లో ఉండాలి. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే పల్లెల్లో 48 గంటల్లో, పట్టణాల్లో 24 గంటల్లో మార్చాలని విద్యుత్ నియంత్రణ మండలి నిబంధన ఉంది. ఫిర్యాదు చేసినా పట్టించుకోకపోతే తిరుపతిలోని విద్యుత్ వినియోగదారుల సమస్యల పరిష్కార వేదికకు రాయవచ్చు. ఫిర్యాదు నంబరు దాచుకోమనేది ఇందుకే.

స్తంభం ఎక్కమని ఎవర్నీ అడగొద్దు

లైన్‌మన్ రావడం ఆలస్యమైతే ఊళ్లో కరెంటు పని తెలిసిన కుర్రాణ్ణి పిలిచి, "ఆ ఫ్యూజు కాస్త వెయ్యి భాయ్" అనడం పల్లెల్లో మామూలైపోయింది. ఇంతకంటే ప్రమాదమైన మాట లేదు. ట్రాన్స్‌ఫార్మర్ పైవైపు లైనులో 11 వేల వోల్టులు ఉంటాయి. దాన్ని ముట్టుకోనక్కర్లేదు, బాగా దగ్గరికి పోయినా చాలు. కింద ఏబీ స్విచ్ దించామనుకున్నా, అది మూడు ఫేజులకూ సరిగ్గా విడిపడిందో లేదో కింద నిలబడినవాళ్లకు తెలియదు. పక్కవీధిలో ఎవరైనా జనరేటర్ నడుపుతూ మెయిన్ ఆపకపోతే, ఆగిన లైనులోకి కూడా వెనక నుంచి కరెంటు రావచ్చు.

లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కు చెప్పి సరఫరా ఆపించుకుంటాడు. దాన్నే లైన్ క్లియర్ అంటారు. ప్రైవేటు మనిషికి ఆ వీలు లేదు. అతను పడిపోతే ఒక కుటుంబం దిక్కులేనిదవుతుంది, ఎక్కమన్నవాళ్లు జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. ఒక్క రాత్రి ఉక్కపోత ఓర్చుకోవడం అంతకంటే తేలిక. అడగ్గానే స్తంభం ఎక్కడానికి సిద్ధపడే ఎలక్ట్రీషియన్‌ను ఇంటి పనికి కూడా పెట్టుకోకపోవడం మంచిది.

మనిషి వచ్చేలోపు

కాలిన వాసన, నిప్పురవ్వలు, గోడకో కుళాయికో షాకు తగలడం: వీటిలో ఏది కనబడినా మొదటి పని మెయిన్ ఆపడం. చేతులు తడి లేకుండా, కాళ్లకు పొడి చెప్పులు వేసుకుని ఆపాలి. మెయిన్ దగ్గరే మంట ఉంటే, కింద నీళ్లు నిలిచి ఉంటే అటు పోవద్దు. అందరూ బయటికొచ్చి 1912కు, మంటలైతే 101కి ఫోను చెయ్యాలి. కరెంటు మంట మీద నీళ్లు చల్లకూడదు.

ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో ఒక సంగతి మరవకూడదు. మెయిన్ ఆపినా ఇన్వర్టర్ లైనులో 230 వోల్టులు ఉంటూనే ఉంటాయి. దాన్నీ ఆపాలి.

ఉన్నట్టుండి బల్బులు మరీ తెల్లగా వెలిగి, ఫ్యాన్లు జోరుగా తిరిగితే న్యూట్రల్ వైరు తెగిందని అనుమానించాలి. అప్పుడు 230 వోల్టులు రావాల్సిన ఇంటికి 400 దాకా రావచ్చు. టీవీ, ఫ్రిజ్ నిమిషాల్లో కాలిపోతాయి. వెంటనే మెయిన్ ఆపి 1912కు చెప్పాలి. ఇది చాలాసార్లు స్తంభం దగ్గరి లోపమే.

ఎవరికైనా షాకు తగిలి వైరుకు అతుక్కుంటే ముట్టుకోవద్దు. మెయిన్ ఆపాలి. అది కుదరకపోతే పొడిగా ఉన్న కర్రతో వైరు తప్పించాలి. ఆ తర్వాత 108. మనిషి లేచి కూర్చున్నా సరే ఆస్పత్రిలో చూపించాలి, ఎందుకంటే షాకు ప్రభావం గుండె మీద తర్వాత కూడా కనబడవచ్చు.

వాసన, షాకు ఏవీ లేకుండా ఎంసీబీ మాత్రమే పడిపోతుంటే కొంత పరీక్ష ఇంట్లోవాళ్లే చెయ్యవచ్చు. అన్ని స్విచ్చులూ ఆపి, ప్లగ్గులు తీసి, ఎంసీబీ పైకెత్తాలి. నిలబడితే ఒక్కొక్కటే వేస్తూ పోవాలి. దేన్ని వెయ్యగానే పడిందో లోపం అందులో ఉంది. అన్నీ తీసినా పడిపోతుంటే వైరింగులో ఉంది. ఇక బలవంతంగా ఎత్తకుండా ఎలక్ట్రీషియన్‌కు ఈ మాట చెబితే అతని పని సగం తగ్గుతుంది.

మంచి ఎలక్ట్రీషియన్‌ను ఎక్కడ అడగాలి

ఆత్మకూరులోనో ఉదయగిరిలోనో సామాను కొనే ఎలక్ట్రికల్ షాపు మొదటి చోటు. ఎవరు ఏ వైరు కొంటారో షాపాయనకు తెలుసు. "మీ సొంతింటికైతే ఎవర్ని పిలుస్తారు?" అని అడిగితే నిజమైన పేరు బయటికొస్తుంది. రెండోది మస్జిద్ కమిటీ. వజూ నీళ్ల మోటారు, మైకు, ఇన్వర్టర్ ఏళ్ల తరబడి చూస్తున్న మనిషి ఎవరో ముతవల్లీ సాబ్‌ను అడగవచ్చు. మూడోది, ఈమధ్య ఇల్లు కట్టుకున్న చుట్టాలు, ఇరుగుపొరుగు.

బోరు మోటార్లు బాగుచేసేవాళ్లు, ఫ్యాన్లకు వైండింగ్ చేసేవాళ్లు, ఇంటి వైరింగ్ చేసేవాళ్లు వేరువేరు. ఒకరికి మూడు పనులూ వచ్చి ఉండవచ్చు. కానీ అడిగి తెలుసుకోవాలి.

నిబంధనల ప్రకారం బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి మార్చడం వంటి చిన్న పనులు తప్ప, కొత్త వైరింగ్, మార్పులు చేర్పులు లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ద్వారానే, పర్మిట్ ఉన్న మనిషితోనే జరగాలి. పల్లెల్లో చేతిపనితోనే ఎదిగిన మంచి పనివాళ్లు ఉన్నారు, కాదనలేం. రాత్రిపూట కాలిన సాకెట్ తీయించడానికి అతను సరిపోవచ్చు. ఇల్లంతా వైరింగ్ మార్చాలన్నా, ఏసీ కోసం లోడు పెంచాలన్నా మాత్రం వైర్‌మన్ పర్మిట్ అడిగి చూడాలి. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదివాడా అని అడగడం తప్పు కాదు. పని తెలిసినవాడు దానికి నొచ్చుకోడు.

ఇలా ఇద్దరి నంబర్లు తీసుకోవాలి. ఒకరు ఊళ్లో లేకపోతే ఇంకొకరు. ఆపద లేనప్పుడే ఒక చిన్న పనికి పిలిచి చూస్తే చెయ్యి ఎలాంటిదో, మాట ఎలాంటిదో తెలిసిపోతుంది.

ఇంటర్నెట్‌లో "కరెంటాఫీసు కస్టమర్ కేర్" అని కనబడే నంబర్లను నమ్మవద్దు. "బిల్లు కట్టలేదు, ఈ రాత్రి కరెంటు కట్ చేస్తాం, ఈ నంబరుకు ఫోను చెయ్యండి" అని వచ్చే మెసేజులు మోసగాళ్లవి. ఓటీపీ అడిగినా, ఏదో యాప్ వేసుకోమన్నా ఫోను పెట్టెయ్యాలి.

ఫోనులోనే తేల్చుకోవాల్సినవి

వచ్చినందుకు ఎంత, పనికి ఎంత, రాత్రివేళ అదనం ఎంత, పెట్రోలు అందులోనేనా? ఈ నాలుగూ ముందే అడగాలి. ఆత్మకూరు నుంచి సోమశిలకు అర్ధరాత్రి బండి మీద వచ్చే మనిషి పగటికంటే ఎక్కువ అడగడం న్యాయమే. వచ్చాక మాట మార్చడం న్యాయం కాదు. సామాను ఐఎస్ఐ మార్కుదే తెమ్మనాలి, బిల్లు అడగాలి, మార్చిన పాత వస్తువు ఇమ్మనాలి. పని పూర్తయ్యాకే మొత్తం డబ్బులు ఇవ్వాలి. అతని కూలి మాత్రం ఆలస్యం చెయ్యకూడదు. ఇచ్చే చెయ్యి మంచిదైతే ఇంకోసారి పిలిచినప్పుడు పరుగెత్తుకుని వస్తాడు.

మగవాళ్లు ఇంట్లో లేనప్పుడు

ఈ ప్రాంతంలో ఎన్నో ఇళ్ల మగవాళ్లు గల్ఫ్‌లోనో, హైదరాబాదు, చెన్నైల్లోనో పనిచేస్తున్నారు. ఇంట్లో అమ్మీ, భార్య, పిల్లలే ఉంటారు. కాబట్టి మెయిన్ ఎక్కడుందో, ఎలా ఆపాలో ఆడవాళ్లకు తెలిసి తీరాలి. మగవాళ్లకు మాత్రమే తెలిస్తే ఆ తెలివి ఆపదలో పనికిరాదు.

ఎలక్ట్రీషియన్‌ను పిలిచేటప్పుడు పక్కింటి పెద్దవాళ్లనో, దగ్గరి బంధువునో తోడుకు రమ్మనాలి. తలుపు తెరిచే ఉంచాలి. వచ్చే మనిషి పేరు, నంబరు ముందే బయట ఉన్నవాళ్లకు పంపాలి. లోపం ఉన్న గది చూపిస్తే చాలు, ఇల్లంతా తిప్పనక్కర్లేదు. ఎవరూ తోడు దొరక్కపోతే మెయిన్ ఆపేసి తెల్లారేదాకా ఆగవచ్చు. ఆపిన మెయిన్‌తో ప్రమాదం లేదు.

పని చేసేటప్పుడు గమనించాల్సినవి

మంచి పనివాడు ముందు మెయిన్ ఆపుతాడు, టెస్టరుతో చూసుకుని గానీ వైరు ముట్టుకోడు. ఫ్యూజులో లావు తీగ వేసి "ఇక పోదులే" అనేవాణ్ణి ఆపాలి. ఫ్యూజు తెగకపోతే తెగేది గోడలో వైరు. ఎంసీబీ పదే పదే పడుతోందని పెద్ద ఆంపియర్లది బిగించడం కూడా అలాంటిదే. ఎర్తు వైరును న్యూట్రల్‌గా వాడటం ఇంకా ప్రమాదం. అలాంటి ఇళ్లలో గీజరుకో వాషింగ్ మెషీనుకో షాకు రావచ్చు.

అతను వచ్చినప్పుడే ఇంకో పని చేయించాలి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో చూపించాలి, లేకపోతే పెట్టించాలి. మనిషి ఒంట్లోంచి కరెంటు నేలకు పోతుంటే రెప్పపాటులో సరఫరా ఆపేది అదే. దాని మీదుండే టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడాలి, ఎగిరిపడకపోతే మార్చాలి. వేసవిలో ఎర్తు గుంతలో నీళ్లు పొయ్యాలి.

వరద తర్వాత

2021 నవంబరులో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, పెన్నలో వరద పోటెత్తి, సోమశిల గేట్లు ఎత్తినప్పుడు దిగువ ఊళ్లలో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అలాంటప్పుడు నీళ్లు తీసేశాయి గదా అని మెయిన్ వెయ్యకూడదు. బోర్డుల్లో, గోడ పైపుల్లో తడి రోజుల తరబడి నిలుస్తుంది. బోర్డులు విప్పి ఆరబెట్టించి, ఎలక్ట్రీషియన్‌తో మెగ్గర్ పెట్టి వైర్లు చూపించాకే కరెంటు వెయ్యాలి. గేట్లు ఎత్తుతున్నారని దండోరా వినగానే, నీళ్లు గడప దాటకముందే మెయిన్, ఇన్వర్టర్ రెండూ ఆపాలి.

మీటరు పక్కన ఒక కాగితం అంటించి దాని మీద పెద్ద అక్షరాలతో ఇవి రాయాలి: సర్వీసు నంబరు, 1912, లైన్‌మన్, సచివాలయం ఎనర్జీ అసిస్టెంట్, ఇద్దరు ఎలక్ట్రీషియన్లు, 108, 101. అడుగున ఒక్క మాట: "ముందు మెయిన్ ఆపు." ఇంట్లో చదువొచ్చిన పిల్ల చేత రాయిస్తే ఇంకా మంచిది. రాసిన బిడ్డకు ఆ నంబర్లు గుర్తుంటాయి.