మట్టిలోని మందు

విలువలేని దానిని మట్టితో పోల్చడం లోకంలో పరిపాటి. కాని బాక్టీరియాను సంహరించే వైరస్‌లు ఆ మట్టిలోనే అసంఖ్యాకంగా ఉన్నాయి. 1917లో ఫెలిక్స్ డెరెల్ వీటికి ‘బాక్టీరియోఫేజ్’ అని పేరు పెట్టారు. గ్రీకు మూలాన్ని బట్టి ‘బాక్టీరియా భక్షకం’ అని దీని అర్థం. క్లుప్తంగా ఫేజ్ అంటారు.

ఒక్కొక్క ఫేజ్ కొన్ని బాక్టీరియాలను మాత్రమే నశింపజేస్తుంది. అందువల్ల ఎన్ని రకాల ఫేజ్‌లు లభిస్తే అంత మేలు. అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ ఆచార్యులు గ్రాహమ్ హాట్‌ఫుల్ ఈ అన్వేషణను విద్యార్థులకు అప్పగించారు. 2008 నుండి అది అనేక కళాశాలలకు విస్తరించింది. విద్యార్థులు మట్టిని ద్రవంలో కలిపి, బాక్టీరియా దాటలేని సూక్ష్మమైన వడపోత గుండా పంపుతారు. వడకట్టిన ద్రవాన్ని బాక్టీరియాతో కలిపి పళ్ళెంలో పెంచుతారు. ఫేజ్ ఉన్నచోట బాక్టీరియా నశించి, తేటగా చుక్కలు ఏర్పడతాయి. కనుగొన్న ఫేజ్‌కు నామకరణం చేసే గౌరవం విద్యార్థిదే.

2010లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఒక విద్యార్థిని, కుళ్ళిన వంకాయ అడుగుభాగం నుండి సేకరించిన నమూనాలో ఒక ఫేజ్‌ను కనుగొని, ‘మడ్డీ’ అని పేరు పెట్టింది. 2018లో లండన్‌లో, ఊపిరితిత్తుల మార్పిడి జరిగిన పదిహేనేళ్ళ బాలికకు సోకిన బాక్టీరియా మందులకు లొంగలేదు. వైద్యులు మడ్డీతోపాటు, జన్యుమార్పిడి చేసిన మరి రెండు ఫేజ్‌లను ఆమె రక్తంలోకి ఎక్కించారు. వ్యాధి నిర్మూలం కాకున్నా, వ్రణాలు మానుముఖం పట్టాయి, బాలిక కోలుకొన్నది.

నమూనాను వడపోసిన నాడు ఆ విద్యార్థినికి ఈ బాలిక ఎవరో తెలియదు. ప్రయోజనం కనబడకముందే శ్రద్ధతో చేసిన పని, ఎనిమిదేళ్ళ తరువాత ఒక ప్రాణానికి అండగా నిలిచింది.