సెబెంజా మడతచాకు తరాలు

సెబెంజా మడతచాకు 1987లో దక్షిణాఫ్రికాలో పుట్టింది. దాన్ని చేసిన క్రిస్ రీవ్ డర్బన్‌వాడు, వృత్తిరీత్యా టూల్ అండ్ డై మేకర్. అప్పటికే కత్తుల తయారీలో అతనికి పేరుంది. ఒకే ఉక్కు కడ్డీని తొలిచి, పిడీ బ్లేడూ అతుకు లేకుండా ఒకటిగా ఉండే కత్తులు చేసేవాడు. 1989లో అమెరికాలోని ఇడాహో రాష్ట్రానికి, బోయిసీ నగరానికి మకాం మార్చాడు. సెబెంజా వర్క్‌షాపు అప్పటినుంచీ అక్కడే ఉంది. జులూ భాషలో సెబెంజా అంటే పని. నేటి ధర 400 డాలర్లు దాటుతుంది. అంత పోసి కొన్న వస్తువులో కంటికి కనిపించేది మాత్రం రెండు బూడిదరంగు టైటానియం పలకలు, వాటి మధ్య ఒక బ్లేడు, మూడు నాలుగు స్క్రూలు. 1990ల నాటి చాకునూ ఈనాటి చాకునూ పక్కపక్కన పెడితే అలవాటు లేనివారు ఏది పాతదో చెప్పలేరు. మార్పులన్నీ బ్లేడు మడమ దగ్గర, ఇరుసు చుట్టూ, ఉక్కు లోపలా జరిగాయి.

మడతచాకులో అసలు సమస్య తాళం. తెరిచిన బ్లేడు పని మధ్యలో మూసుకుంటే తెగేది వేళ్లే. పాతకాలపు జేబు చాకుల్లో వీపు వెంబడి ఉన్న స్ప్రింగు బ్లేడును ఒత్తి పట్టేది తప్ప గట్టిగా బిగించేది కాదు. పిడి లోపలి పల్చని రేకును స్ప్రింగులా వంచి, అది బ్లేడు మడమ వెనక్కి వచ్చి ఆనేలా చేసే పద్ధతి 20వ శతాబ్దం మొదట్లోనే ఉంది. అమెరికా కళాకారుడు మైకేల్ వాకర్ 1980ల మొదట్లో దాన్ని సంస్కరించి లైనర్ లాక్‌గా స్థిరపరిచాడు. రీవ్ చేసింది మరో అడుగు. లోపల వేరే రేకు ఎందుకు, పిడి పలకనే తాళం చేయవచ్చు కదా అన్నది అతని ఆలోచన. టైటానియం పలకలో పొడవుగా చీలిక కోసి, ఒక భాగాన్ని లోపలికి వంచాడు. బ్లేడు తెరుచుకోగానే ఆ పట్టీ దాని మడమ వెనక టక్కున కూర్చుంటుంది. పల్చని రేకు స్థానంలో దళసరి పట్టీ వచ్చింది. పైగా చాకును గట్టిగా పట్టుకున్నకొద్దీ వేళ్లు ఆ పట్టీనే లోపలికి నొక్కుతాయి. రీవ్ దీన్ని ఇంటెగ్రల్ లాక్ అన్నాడు. మిగతా ప్రపంచం ఫ్రేమ్ లాక్ అంటుంది. ఇవాళ మంచి మడతచాకులు చేసే కంపెనీల్లో దీన్ని వాడనిది అరుదు.

ఈ తాళానికి టైటానియం కుదిరినట్టు ఉక్కు కుదరదు. పిడిలో వాడేది 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం కలిసిన మిశ్రమం. ఘన సెంటీమీటరు బరువు 4.4 గ్రాములు. ఉక్కుది 7.8. తేలికతనం కన్నా ముఖ్యమైన గుణం సాగుదల. ఒకే బలానికి టైటానియం ఉక్కు కన్నా దాదాపు రెట్టింపు వంగి, వదులు పడకుండా వెనక్కి వస్తుంది. స్ప్రింగుకు కావలసింది అదే. దానికి ఒక దుర్గుణం కూడా ఉంది. గట్టి ఉక్కుతో ఒత్తిడిమీద రాసుకుంటే టైటానియం అంటుకుపోతుంది, కొద్దికొద్దిగా అరిగి ఉక్కు మీదికి బదిలీ అవుతుంది. కొత్త ఫ్రేమ్ లాక్ చాకును మూయబోతే పట్టీ కాసేపు మొరాయించడానికి కారణం ఇదే. ఏళ్లు గడిచేకొద్దీ పట్టీ అంచు అరిగి, మడమ వెనక ఇంకా లోపలికి జారుతుంది. బ్లేడు మడమను వాలుగా కోయడం వల్ల ఆ అరుగుదల ఆటోమేటిగ్గా సర్దుకుంటుంది. పట్టీ మరికాస్త లోపలికి వెళ్లి బిగుసుకుంటుంది. కానీ అది అవతలి పలక దాకా వెళ్లిపోతే ఇక సర్దుకునే చోటు ఉండదు. సెబెంజా తరాల కథలో సగం ఈ ఒక్క ఆనుడు గురించే.

మొదటి తరం చాకుల్లో పట్టీ టైటానియం ముఖమే నేరుగా ఉక్కు మీద ఆనేది. అరుగుదల తగ్గించడానికి ఆ ముఖాన్ని వేడితో గట్టిపరిచేవారు. ఇరుసు దగ్గర రీవ్ చూపిన తెలివి మాత్రం ఈనాటికీ మారలేదు. మామూలు మడతచాకులో ఇరుసు స్క్రూ బిగిస్తే బ్లేడు కదలదు, వదులు చేస్తే ఊగుతుంది. సరైన బిగింపు కోసం స్క్రూను వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పుతూ కూర్చోవాలి. సెబెంజాలో ఇరుసు చుట్టూ ఒక ఉక్కు గొట్టం ఉంటుంది. దాని పొడవు బ్లేడు మందం, రెండువైపులా ఉన్న కంచు వాషర్ల మందం కలిసినదానికి సరిగ్గా సరిపోవాలి, పైన అతి సన్నని సందు మిగలాలి. స్క్రూను పూర్తిగా బిగిస్తే పలకలు గొట్టాన్ని నొక్కుతాయి తప్ప బ్లేడును నొక్కవు. అంగుళంలో వెయ్యో వంతు తేడా వచ్చినా ఈ ఉపాయం పనిచేయదు. గొట్టం పొట్టిదైతే బ్లేడు పట్టేస్తుంది, పొడవైతే ఊగుతుంది. ధరలో పెద్ద భాగం ఇలాంటి కొలతలకే పోతుంది. చాకుతోపాటు అలెన్ కీ, గ్రీజు ఇచ్చి, విప్పి శుభ్రం చేసుకొమ్మని కంపెనీయే చెప్పడం వెనక ఉన్న ధైర్యం కూడా ఈ గొట్టమే. మళ్లీ బిగించేటప్పుడు కొనుగోలుదారు సరిచూసుకోవలసింది ఏమీ మిగలదు.

1990లలో, 2000 తర్వాత కొన్నేళ్లూ రెగ్యులర్, క్లాసిక్ అన్న పేర్లతో వచ్చిన చాకుల మధ్య ఉన్నవి పిడి తీరులోని చిన్న తేడాలే. 2008లో వీటి స్థానంలో సెబెంజా 21 వచ్చింది. మొదటి చాకుకు 21 ఏళ్లు నిండాయన్న గుర్తు అది. పెద్దదాని బ్లేడు సుమారు 92 మిల్లీమీటర్లు, చిన్నదాని బ్లేడు 75. తాళం మాత్రం పాతదే, అంటే టైటానియం మీద ఉక్కు. మూసినప్పుడు బ్లేడు తెరుచుకోకుండా పట్టుకునే పని పట్టీలో దిగగొట్టిన ఒక చిన్న గుండుది. తెరిచినప్పుడు ఆపే పని పట్టీ అంచుది. జేబుకు తగిలించుకునే క్లిప్పు కొస సరిగ్గా ఆ పట్టీ మీదే ఆనేది. దీనివల్ల క్లిప్పు బిగువు కూడా తాళం మీద పడేది. వాడకంలో దీన్ని పట్టించుకున్నవారు తక్కువే. కానీ ఇంత ఖచ్చితంగా కొలిచి చేసిన తాళం మీద సంబంధం లేని మరో స్ప్రింగు భారం పడటం లోపమే.

అసలు మార్పు పక్కదారిన వచ్చింది. 2008లోనే రీవ్ కంపెనీ ఉమ్నుంజాన్ అనే వేరే చాకును తెచ్చింది. అందులో పట్టీ చివర ఒక సిరామిక్ గుండును అమర్చారు. బ్లేడు మడమ మీద ఆనేది ఆ గుండే, టైటానియం కాదు. సిరామిక్ గట్టిపరిచిన ఉక్కు కన్నా గట్టిది. ఉక్కుతో అంటుకుపోదు, ఆచరణలో అరగనట్టే లెక్క. చాకు మూసి ఉన్నప్పుడు అదే గుండు బ్లేడు పక్కనున్న చిన్న గుంటలో పడి పట్టుకుంటుంది. రెండు పనులకు ఒకే భాగం సరిపోయింది. 2012లో పాతికేళ్ల గుర్తుగా వచ్చిన సెబెంజా 25 ఈ గుండును అందుకుంది. దాని పిడి కాస్త లావు, చూపుడువేలు ఆనించుకునే వంపు పెద్దది. 21ని ఇష్టపడ్డవారికి అది పరాయిదానిలా తోచింది. అయినా 21 అప్పట్లో అమ్మకంలోనే కొనసాగింది, 25 దాని స్థానాన్ని తీసుకోలేదు. 2016లో 25ని ఆపి, అదే మార్గంలో ఇంకోసి అనే చాకును తెచ్చారు. అంటే దాదాపు పదేళ్లపాటు గుండు తాళం దాయాదుల ఇళ్లలోనే తిరిగింది. 2019 చివర్లో సెబెంజా 31తో అసలు వంశంలోకి వచ్చింది.

31 చూడ్డానికి 21 లాగే ఉంటుంది. గొట్టం ఇరుసు అలాగే ఉంచారు. పట్టీ కొసకు సిరామిక్ గుండు వచ్చింది. క్లిప్పును కాస్త ఏటవాలుగా బిగించి, కొస పట్టీ మీద కాక పక్కనున్న కదలని పలక మీద ఆనేలా జరిపారు. వాడేవారికి తేడా చేతిలో తెలుస్తుంది. 31 తెరుచుకున్నప్పుడు వినిపించే టక్కు పదునుగా ఉంటుంది, పట్టీని పక్కకు నెట్టి మూసేటప్పుడు మొరాయింపు ఉండదు. 21లో మొదటి నెలల్లో కాస్త జిగటగా ఉండి, వాడగా వాడగా నునుపు తేలేది. ఆ తీరునే ఇష్టపడి పాతదాన్ని వదలనివారూ ఉన్నారు. ఇంజినీరింగు దృష్టితో మాత్రం 31 తాళమే మెరుగు.

తాళం కన్నా ఎక్కువసార్లు మారింది బ్లేడు ఉక్కు. తొలిచాకుల్లో జపాన్ హిటాచీ కంపెనీ ఏటీఎస్-34 ఉండేది. తర్వాత బేరింగుల కోసం పుట్టిన బీజీ-42 వచ్చింది. రెండూ కరిగించి పోసిన ఉక్కులే. ఇలాంటి ఉక్కు నెమ్మదిగా చల్లారేటప్పుడు లోహమూ కార్బనూ కలిసి కార్బైడ్లు అనే గట్టి కణాలు పెద్దవిగా, గుంపులుగా తయారవుతాయి. పదునును నిలిపేవి ఆ కణాలే. అయితే అవి పెద్దవైతే కాంక్రీటు అంచు నుంచి కంకర రాయి ఊడినట్టు సన్నని పదునులోంచి ఊడిపోతాయి. దీనికి విరుగుడు పొడి లోహశాస్త్రం. కరిగిన ఉక్కును వాయు ధారతో తుంపరలుగా చిమ్మి, క్షణంలో గడ్డకట్టిన ఆ పొడిని అధిక వేడి, ఒత్తిడి మధ్య ఒకే దిమ్మగా అతికిస్తారు. కార్బైడ్లకు పెరిగే వ్యవధే ఉండదు. న్యూయార్క్ రాష్ట్రం సిరక్యూస్‌లోని క్రూసిబుల్ కంపెనీ 2001లో ఇలా చేసిన ఎస్30వీ ప్రత్యేకంగా చాకుల కోసమే రూపొందింది. ఆ కూర్పు గురించి కంపెనీ సంప్రదించిన కత్తి తయారీదారుల్లో రీవ్ ఒకడు. సెబెంజా దాన్ని తొలినాళ్లలోనే తీసుకుంది. ఎస్30వీలో వెనేడియం 4 శాతం. 2009లో వచ్చిన ఎస్35వీఎన్‌లో దాన్ని 3కు తగ్గించి అర శాతం నియోబియం కలిపారు. దాంతో అంచు పెళుసుదనం తగ్గింది, సాన పట్టడం తేలికైంది. 21 ఈ రెండు ఉక్కులతోనూ వచ్చింది. 31 ఎస్35వీఎన్‌తో మొదలై, క్రోమియం 16 శాతానికి పెంచిన ఎస్45వీఎన్ మీదుగా మాగ్నాకట్‌కు చేరింది.

మాగ్నాకట్ కాస్త ఆగి చూడదగ్గ ఉక్కు. 2021లో వచ్చిన దీన్ని రూపొందించినవాడు లారిన్ థామస్ అనే లోహశాస్త్రవేత్త. అతని తండ్రి డమాస్కస్ ఉక్కుతో పేరు తెచ్చుకున్న కమ్మరి. తుప్పు పట్టని ఉక్కుల్లో క్రోమియం రెండు పనుల మధ్య చీలిపోతుంది. కొంత ఉక్కులో కరిగి తుప్పును ఆపుతుంది. కొంత కార్బన్‌తో కలిసి పెద్ద పెద్ద కార్బైడ్లుగా మారి అంచును పెళుసు చేస్తుంది. థామస్ లెక్క దీనికి తలకిందులు. క్రోమియాన్ని 10.7 శాతానికి తగ్గించాడు. కార్బన్‌ను కూడా తగ్గించి, ఉన్నది చాలావరకు వెనేడియం, నియోబియంల వాటాకు పోయేలా చూశాడు. క్రోమియం కార్బైడ్లు ఏర్పడే అవకాశం లేక, ఉన్న క్రోమియమంతా తుప్పును ఆపే పనిలోనే ఉండిపోతుంది. క్రోమియం తక్కువైనా తుప్పు విషయంలో పాతవాటిని మించడం, అంచు చిట్లకపోవడం ఈ ఉక్కు ప్రత్యేకత.

ఉక్కు ఎంత మంచిదైనా గట్టిపరచడంలోనే అసలు ఫలితం తేలుతుంది. రీవ్ కంపెనీ చాలాకాలం మెత్తదనం వైపే మొగ్గింది. ఎస్30వీని రాక్‌వెల్ సి కొలతలో 58-59 దగ్గర, ఎస్35వీఎన్‌ను 59-60 దగ్గర ఆపేది. సాన పట్టడం సులభంగా ఉండాలి, చిట్లకూడదన్నది దాని వాదన. అదే ఉక్కుతో ఇతర కంపెనీలు ఇంకా గట్టి బ్లేడులు చేస్తుంటే ఇంత ధర పెట్టినవారు నిలదీయడంలో న్యాయం ఉంది. మాగ్నాకట్‌ను మాత్రం కంపెనీ 60 దాటి గట్టిపరుస్తుంది.

ఫ్రేమ్ లాక్ ఇతర కంపెనీల చేతుల్లో వేరే దారి పట్టింది. పట్టీ అరుగుదలకు చాలామంది ఎంచుకున్న విరుగుడు ఉక్కు ముక్క. పట్టీ కొసకు చిన్న ఉక్కు పలకను స్క్రూలతో బిగిస్తారు. బ్లేడు మడమ మీద ఉక్కే ఆనుతుంది, అరిగితే ముక్క ఒక్కటే మార్చుకోవచ్చు. రిక్ హిండరర్ అనే అమెరికన్ తయారీదారు పట్టీని బయటివైపు ఎక్కువ వంచి పాడుచేయకుండా ఆపే గుండ్రని బిళ్లను జోడించాడు. చాలా చాకుల్లో ఇప్పుడు ఈ రెండు పనులనూ ఒకే ముక్క చేస్తుంది. సెబెంజాలో మాత్రం మార్చుకోదగ్గ ముక్క లేదు, పట్టీలో బిగించిన సిరామిక్ గుండుతోనే ఆ పని జరుగుతుంది.