తెరుచుకునే కప్పు, దారి తప్పిన నీరు

కారు పైకప్పులో విడదీసి పక్కన పెట్టగల పలక గానీ, వెనక్కి జరిగే సన్‌రూఫ్ అద్దం గానీ ఉన్నప్పుడు, మూసిన కప్పు చుక్క నీటిని కూడా లోపలికి రానివ్వదని యజమాని నమ్ముతాడు; దాన్ని రూపొందించిన ఇంజినీరు మాత్రం అంత నమ్మకం పెట్టుకోడు. కదిలే భాగానికీ కదలని భాగానికీ మధ్య సందు తప్పదు, సందు ఉన్నచోట కొంత నీరు దిగకా తప్పదు. అందుకే చాలా సన్‌రూఫ్‌లలో రబ్బరు అంచు ఆపగలిగినంత నీటిని ఆపుతుంది, దాన్ని దాటిన నీటిని కింద ఉండే పళ్లెం లాంటి చట్రం పట్టుకుంటుంది, సన్నని గొట్టాలు ఆ నీటిని వాహనం బయటికి వదులుతాయి. కప్పు కారగానే అంచు చుట్టూ సిలికాన్ పూయించే అలవాటు ఈ రెండో ఏర్పాటు సంగతి తెలియకపోవడం వల్ల పుట్టిందే; అది చాలాసార్లు జబ్బును తగ్గించదు సరికదా, బయటికి పోవలసిన నీటి దారిని కూడా మూసేస్తుంది.

ఈ సూత్రానికి గట్టి ఉదాహరణ హైదరాబాద్ దగ్గర, సంగారెడ్డి జిల్లా కంది పరిసరాల్లోనే ఉంది. ఎద్దుమైలారంలో 1984లో పునాది పడి, 2021 అక్టోబరు నుంచి ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ లిమిటెడ్ కిందికి వచ్చిన ఆయుధ కర్మాగారం, సోవియట్ నమూనా అయిన బీఎంపీ-2 పోరాట వాహనాన్ని ‘సారథ్’ పేరుతో భారత సైన్యానికి తయారు చేస్తూ వచ్చింది. సారథ్ నేల మీద నడవడమే కాక, గొలుసు పట్టాల కదలికతోనే గంటకు సుమారు 7 కిలోమీటర్ల వేగంతో నీటిలో ఈదుతుంది. దాని పైభాగంలో సైనికులు తెరిచి మూసే మూతలు ఉంటాయి గనుక, నీటిలోకి దిగేముందు వాటన్నిటినీ గట్టిగా బిగించి, ముందు వైపు అలలను అడ్డుకునే పలకను పైకి లేపుతారు. ఇంత చేసినా లోపల చేరే నీటిని తోడిపోసే పంపులు ఆ వాహనంలో ఉండనే ఉంటాయి. నది దాటగలిగేలా పుట్టిన యంత్రం సైతం రబ్బరు ఒక్కదాన్నే నమ్ముకోలేదంటే, వానలో తడిసే కారు కప్పు నుంచి అంతకు మించి ఆశించడం న్యాయం కాదు.

విడదీసే కప్పుల చరిత్రలో కూడా అతుకుల బెడద కనిపిస్తుంది. నడుమ ఒక కడ్డీ, దానికి అటూ ఇటూ తీసివేయగల రెండు పలకలు ఉండే ‘టీ-టాప్’ కప్పుకు అమెరికన్ రూపకర్త గోర్డన్ బ్యూరిగ్ 1951లో పేటెంటు పొందాడు. పోర్షే సంస్థ 1965లో ఒకే పలక తీసే ‘టార్గా’ కారును ప్రదర్శించింది. 1968 నాటి షెవర్లే కార్వెట్‌కు మొదట ఒకే పలక అనుకున్నారు గానీ, పైన ఆధారం లేని బాడీ గతుకుల్లో మెలితిరుగుతుండడంతో నడుమ కడ్డీ పెట్టక తప్పలేదు. దృఢత్వం పెరిగింది, దానితోపాటు రబ్బరు వేయవలసిన అంచుల పొడవూ పెరిగింది. భారతదేశంలో జీప్ రాంగ్లర్ హార్డ్‌టాప్‌కు ముందు భాగంలో ఇలాంటి పలకలున్నాయి. 2020 అక్టోబరు 2న విడుదలైన మహీంద్రా థార్‌కు మడిచే గుడ్డ కప్పు కూడా వచ్చింది. సన్‌రూఫ్ సంగతి సరేసరి, ఇప్పుడు చిన్న కార్లకు కూడా అదే అలంకారం. వీటన్నిటిలోనూ ఎక్కువ అనుమానించవలసింది మూడు అంచులు ఒకేచోట కలిసే మూలను.

రబ్బరు బీడింగు పనిచేసేది అంటుకోవడం వల్ల కాదు, నొక్కుకుని తిరిగి ఉబ్బడం వల్ల. లోపల బోలుగా ఉండే ఆ అంచు మూత బిగించినప్పుడు అణిగి, ఎదుటి లోహం మీద ఎడతెగని ఒత్తిడిని నిలుపుతుంది. దీనికి ఎక్కువగా వాడేది ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు. టైర్లలో వాడే సహజ రబ్బరుతో పోలిస్తే ఇది ఎండనూ ఓజోన్ వాయువునూ బాగా తట్టుకుంటుంది, అయితే పెట్రోలియం నూనెలు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. బీడింగుకు మామూలు గ్రీజు గానీ ఇంజినాయిలు గానీ రాయడం అందుకే తప్పు. దానికి తగినది సిలికాన్ గ్రీజు, అదీ శుభ్రంగా తుడిచిన తరువాత పలచగా. చాలాకాలం నొక్కుడులో ఉన్న రబ్బరు ఎంత భాగం తిరిగి పైకి లేవలేకపోయిందో కొలిచే లక్షణాన్ని శాశ్వత అణుగుడు అనవచ్చు. వేడి దాన్ని త్వరితం చేస్తుంది. గాలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే మే నెలలో పటాన్‌చెరు ఫ్యాక్టరీల ముందు రోజంతా ఎండలో నిలిచే కారు కప్పు అంతకంటే ఎంతో ఎక్కువ కాలుతుంది, ఆ అణుగుడు ఫలితం జూన్‌లో తొలి వానకు బయటపడుతుంది.

గొట్టాల కథ వేరు, దానికి ఎండతో పనిలేదు, చెట్లతో ఉంది. నాలుగు మూలల నుంచి బయల్దేరే గొట్టాల్లో ముందువి అద్దం పక్క స్తంభాల గుండా దిగి ముందు తలుపుల కీళ్ల చుట్టుపక్కల బయటపడతాయి, వెనకవి వెనక స్తంభాల గుండా పోతాయి. వేసవిలో కానుగ, వేప చెట్ల కింద నీడ కోసం నిలిపిన కారు మీద రాలే చిన్న పూలు, వేపాకు రెబ్బలు, లారీల రహదారి లేపే దుమ్ముతో కలిసి ఆ చట్రంలో ముద్ద కడతాయి. వాన పడ్డాక అది గొట్టం నోట్లో ఇరుక్కుంటుంది. అప్పుడు పళ్లెం నిండి నీరు లోపలి గుడ్డ మీదుగా కారి, చాలా దూరం పాకి, నేల మీది కార్పెట్ కింద స్పాంజిలో చేరుతుంది. మరక కనిపించే చోటు, నీరు దిగిన చోటు ఒకటే కావాలని లేదు. వాన లేని రోజున ఏసీ నడిచాక పక్క సీటు కాళ్ల దగ్గర తడి కనిపిస్తే, అది కప్పు తప్పు కాదు, ఏసీ నీటి గొట్టం మూసుకుపోయిందని తెలుసుకోవాలి.

పరీక్ష సులువైనదే. సన్‌రూఫ్ తెరిచి, ఒక మూలలో గ్లాసెడు నీరు మెల్లగా పోస్తే కింద ఆ పక్కన నీరు బయటికి రావాలి. నిలిచిపోతే గొట్టం మూసుకుందన్నమాట. మెత్తని నైలాన్ తీగను నెమ్మదిగా దూర్చడం మేలు. కంప్రెసర్ గాలిని గట్టిగా కొడితే కప్పు లోపల గొట్టం దాని మూతి నుంచి ఊడిపోయే ప్రమాదం ఉంది, అప్పుడు చిన్న మరమ్మతు పెద్ద ఖర్చవుతుంది. రబ్బరును తెలుసుకోవడానికి దాని మీద టాల్కం పొడి చల్లి, మూత మూసి తెరిస్తే, ఎదుటి అంచు మీద పొడి గీత ఎక్కడ తెగిందో అక్కడ ఒత్తిడి లేదని అర్థం. గొట్టంతో నీళ్లు పట్టి వెతకాలంటే కింది నుంచి మొదలుపెట్టి పైకి పోవాలి. ముందే పైనుంచి పోస్తే ఎక్కడ దిగినదీ చెప్పడం సాధ్యం కాదు. వాటర్ సర్వీసింగులో అధిక పీడన జెట్టును దగ్గరగా అంచు మీద పట్టడం వానను పోలిన పరీక్ష కాదు, అది బీడింగును లేపే పని.

తీసివేసే పలకలకు అదనపు జాగ్రత్త ఒకటుంది: అవి ఒకదాని అంచు మీద మరొకటి వాలే విధంగా ఉంటాయి గనుక, కారుతో వచ్చిన పుస్తకంలో చెప్పిన వరుసలోనే పెట్టాలి, గడియలన్నిటినీ మొదట వదులుగా తగిలించి, పలకలు సరిగ్గా కూర్చున్నాక మాత్రమే ఒక్కొక్కటీ బిగించాలి. ఒక మూలను ముందే బిగిస్తే పలక ఒరిగి, ఎదుటి మూలలో ఒత్తిడి పోతుంది. పక్కన పెట్టినప్పుడు రబ్బరు మీద బరువు పడకూడదు.

ఇక కప్పు కోసి బయట సన్‌రూఫ్ పెట్టించే సంగతి. తయారీదారు పేర్కొన్న వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ పరిమితం చేస్తుంది. అది పక్కన పెట్టినా, గొట్టాలు దిగడానికి స్తంభాల్లో దారి కేటాయించని కారుకు అద్దం పలక మాత్రమే బిగిస్తే, అందులో దిగిన నీరు ఎటు పోవాలన్నది ఎవరూ ఆలోచించి ఉండరు.