బండి వయసు మీటరు చెప్పదు

యానాంలో నమోదైన లారీ నంబరు పలక మీద ‘పీవై 04’ అని ఉంటుంది. అటువంటి లారీ ఒకటి గోదావరి తీరాన బయలుదేరి విజయవాడ, నెల్లూరు, చెన్నైల మీదుగా పుదుచ్చేరి పట్టణం చేరాలంటే సుమారు 800 కిలోమీటర్లు ప్రయాణించాలి. నెలకు ఐదుసార్లు వచ్చి వెళుతుందనుకుందాం. పదేళ్లలో అది తిరిగే దూరం 9 లక్షల 60 వేల కిలోమీటర్లు. భూమధ్యరేఖ వెంట భూగోళానికి దాదాపు 24 ప్రదక్షిణలు చేసినంత!

ఇంత తిరిగిన ఇంజనుకు ఇంకా ఆయువు ఎక్కడిది? ఆ రహస్యం దాని నిర్మాణంలోనే ఉన్నది. చాలా భారీ డీజిల్ ఇంజన్లలో పిస్టను కదలాడే గొట్టం బ్లాకులో అంతర్భాగం కాదు. విడిగా అమర్చిన ఇనుప తొడుగు. మెకానిక్కులు దానిని లైనరు అంటారు. ఏళ్ల తరబడి రాపిడికి ముఖ్యంగా అరిగేవి ఈ లైనర్లు, పిస్టను రింగులు, బేరింగులు. వాటిని తీసి కొత్తవి వేస్తే పాత బ్లాకులోనే ఇంజను పునర్జన్మ పొందుతుంది.

అయితే ఆ ఖర్చు ముందే వచ్చి పడుతుందా, ఆలస్యంగానా అన్నది చాలావరకు డ్రైవరు జాగ్రత్తను బట్టి ఉంటుంది. అనుభవజ్ఞుడు పొగ రంగును చూసి రోగం పసిగడతాడు. నల్లపొగ వస్తే డీజిలుకు తగినంత గాలి అందడం లేదన్నమాట. ముందుగా చూడవలసినది ఎయిర్ ఫిల్టరు. నీలిపొగ వస్తే ఇంజన్ ఆయిలు కాలిపోతున్నది. ఇంజను వేడెక్కిన తరువాత కూడా తెల్లపొగ ఆగకపోతే, రేడియేటరు నీరు లోపలికి చేరుతున్నదేమోనని అనుమానించాలి. రేడియేటరులో కూలెంటుకు బదులు వట్టి నీళ్లు పోసి సరిపెట్టుకుంటే, కొంతకాలానికి లైనరు వెలుపలి గోడకు సన్నని గుంటలు పడతాయి. నేటి పొదుపు రేపటి మరమ్మతు అవుతుంది.

పుదుచ్చేరి వంటి తీరపట్టణంలో మరొక శత్రువున్నది: ఉప్పుగాలి. అది ఛాసిస్‌నూ, ఇనుప గొట్టాలనూ తుప్పు పట్టిస్తుంది. గాలిలోని తేమ గాలిబ్రేకుల ట్యాంకులలో నీరుగా పేరుకుంటుంది. ఆ నీటిని క్రమం తప్పక వదిలివేయకపోతే బ్రేకుల వాల్వులు పాడవుతాయి. ట్రైలరు లాగే బండి అయితే రెండింటినీ కలిపే కింగ్‌పిన్నునూ, గాలిగొట్టాలనూ ప్రతి ప్రయాణానికి ముందు పరీక్షించాలి. ఇంజను చెడితే బండి ఆగిపోతుంది. బ్రేకు చెడితే బండి ఆగదు. మొదటిదాని వలన యజమానికి నష్టం. రెండవదాని వలన దారినపోయేవారి ప్రాణానికి ముప్పు.

ఎనిమిదేళ్లు దాటిన సరకు వాహనాలు ఏటా సామర్థ్య పరీక్షకు నిలబడాలని నిబంధన ఉన్నది. కాని ఆ పత్రం పరీక్ష జరిగిన నాటి స్థితికే సాక్ష్యం. మిగిలిన 364 రోజులూ సాక్ష్యం చెప్పవలసింది బండిని నడిపేవారే.

ఎంత మరమ్మతు చేసినా దానికొక హద్దున్నది. కొత్త లైనర్లు పగిలిన ఛాసిస్‌ను బాగుచేయవు. 2020లో అమలులోకి వచ్చిన భారత్ స్టేజి ఆరు ప్రమాణాల బండ్లతో పోలిస్తే పాత ఇంజన్లు గాలిని అధికంగా కలుషితం చేస్తాయి. ఒక్క లారీయే జీవనాధారమైన యజమానికి దానిని తుక్కుకు పంపడం కష్టమే. అయినా, బ్రేకు మీద నమ్మకం పోయిన రోజున ఆ బండి మీటరు ఎన్ని లక్షలు చూపినా, ఇక దాని ప్రయాణం ముగిసినట్లే.